గ్రిగ్గు దాకానే పరుగు

ఈమధ్య ఊరెళ్లినప్పుడు పాత ట్రంకుపెట్టె సర్దుతుంటే ఒక సర్టిఫికెట్ బయటపడింది. గులాబీ రంగు కాగితం, నాలుగు మడతలు, ఒక మూల చెదలు కొట్టేసింది. "గుడివాడ జోన్ గ్రిగ్ పోటీలు, 800 మీటర్లు, ద్వితీయ స్థానం" అనుంది. నా పేరులో ఒక అక్షరం తప్పు. మా ఆవిడ చూసి "మీరు పరిగెత్తేవాళ్లా!" అని ఒకటే నవ్వు. లిఫ్టు పనిచెయ్యకపోతే రెండో అంతస్తు ఎక్కడానికి ఆయాసపడే మనిషిని కాబట్టి ఆ నవ్వులో న్యాయం ఉంది :)

కానీ ఆ కాగితం చూసినప్పట్నుంచీ నా ఆలోచనంతా ఆ రోజు ఫస్టొచ్చినవాడి గురించే.

వాడిది దివిసీమ. నాగాయలంక దాటి ఇంకా లోపలికెళ్లాలి. మా ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఉండి మాతోపాటు జిల్లా పరిషత్ హైస్కూల్లో చదివాడు. పొద్దున్నే కాలవగట్టు మీద ఇద్దరం పరిగెత్తేవాళ్లం. వాడికి బూట్లు లేవు, ఉన్నా వేసుకునేవాడు కాదేమో. పందెంలో మొదటి రౌండు అందరి మధ్యలో నింపాదిగా వచ్చేవాడు, రెండో రౌండులో మనకి వీపు మాత్రమే కనిపించేది. నా పరుగు జీవితం మొత్తమ్మీద నాకు బాగా గుర్తుండిపోయింది ఏంటంటే వాడి చొక్కా వెనక ఉన్న చిరుగు.

2012లో ఇద్దరం పది పాసయ్యాం. ఇద్దరం ఆ ఏడాదే పరుగు మానేశాం. నేను మానెయ్యడం వల్ల దేశానికి వచ్చిన నష్టమేమీ లేదు. వాడి సంగతి అలా కాదు. ఇలాంటివాళ్లు బందరు, గుడివాడ, అవనిగడ్డ వైపు ప్రతి హైస్కూల్లోనూ ఏడాదికొకరైనా కనపడతారు. "మన పిల్లలకి పట్టుదల ఉండదండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాళ్లని చాలామందిని చూశాను. నాకైతే అది తప్పనిపిస్తుంది. ఇందులో పట్టుదల లేకపోవడం కన్నా చరిత్ర ఎక్కువుంది.

ముందు ఈ గ్రిగ్ సంగతి చూద్దాం. మా జిల్లాలో స్కూళ్ల ఆటల పోటీలని గ్రిగ్ అంటారు. చిన్నప్పుడు నేను గ్రిగ్ అంటే ఇంగ్లీషులో పరుగుపందెం అనుకునేవాణ్ణి. అది ఒక మనిషి పేరు. హెన్రీ బిడెవెల్ గ్రిగ్ అనే ఐసీయెస్ దొర. నీలగిరి జిల్లా మాన్యువల్ (1880) రాసింది ఆయనే. 1880ల్లో మద్రాసు ప్రెసిడెన్సీకి డైరెక్టర్ ఆఫ్ పబ్లిక్ ఇన్‌స్ట్రక్షన్‌గా చేశాడు, అంటే మొత్తం విద్యాశాఖకి పెద్ద. కృష్ణా జిల్లా అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోదే కదా. ఆయన స్మారకంగా వచ్చిన పోటీల పేరే మా నోళ్లలో గ్రిగ్గయి కూర్చుంది. అన్నట్టు, మద్రాసులో పుట్టిన ఆయన కొడుకు ఎడ్వర్డ్ తర్వాత కెన్యా గవర్నరయ్యాడు, లార్డు కూడా అయ్యాడు. మనవడు జాన్ గ్రిగ్ 1957లో ఎలిజబెత్ రాణిని విమర్శిస్తూ రాసి గొడవల్లో పడ్డాడు, 1963లో లార్డు బిరుదు కూడా వదిలేసుకున్నాడు. ఆ మనవడు బిరుదు వదిలేశాడు గానీ బందరు పిల్లలు మాత్రం తాతగారి పేరు ఇంతవరకూ వదల్లేదు!

ఇక్కడ పట్టించుకోవాల్సింది పేరు కాదు, ఏర్పాటు. తెల్లవాళ్ల కాలంలో స్కూళ్లలో ఆటలు పెట్టింది క్రమశిక్షణ కోసం, డ్రిల్లు కోసం. 1920లో హ్యారీ బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్య కాలేజీ పెట్టాడు. ఆటల మాస్టారు అనే ఉద్యోగానికి ఒక చదువు, ఒక గౌరవం అలా వచ్చాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పెట్టారు. మండలం, జోన్, జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లు కట్టారు. బానే ఉంది. కానీ ఈ మెట్లన్నీ ఎక్కేది స్కూలు తరఫున. పరిగెత్తేవాడు స్కూలు మనిషి. స్కూలు వదిలిన రోజున వాడు ఎవరి మనిషీ కాడు. ఊళ్లో ఒక క్లబ్బు లేదు, కోచ్ లేడు. స్కూలు గేటు బయట పరుగు అనే వస్తువే లేదు.

బరువులెత్తేవాళ్లని చూడండి, తేడా తెలుస్తుంది. ఉయ్యూరు దగ్గర గండిగుంటకి చెందిన దండమూడి రాజగోపాలరావు గారు పేరుమోసిన వెయిట్ లిఫ్టర్. 'నర్తనశాల' (1963)లో భీముడు ఆయనే. విజయవాడలో ఇండోర్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. బరువులకీ కుస్తీకీ వ్యాయామశాలలుండేవి. అక్కడికి పదహారేళ్లవాడూ వెళ్లొచ్చు, నలభయ్యేళ్లవాడూ వెళ్లొచ్చు. "నీది ఏ స్కూలు?" అని అడిగేవాళ్లు లేరు. పరుగుకి అలాంటి చోటు మా వైపు ఎప్పుడూ లేదు.

ఇక రెండో మలుపు. పూర్వం మన దగ్గర ఎస్సెల్సీ అంటే పదకొండో తరగతి. ఆ తర్వాత ఒక ఏడాది పీయూసీ. 1969-70లో పీయూసీ తీసేసి రెండేళ్ల ఇంటర్ తెచ్చారు, స్కూలు పదో తరగతితోనే అయిపోవడం మొదలైంది. కాగితం మీద ఒక్క ఏడాది తేడా. కానీ పరిగెత్తేవాడికి అది చాలా పెద్ద ఏడాది. పదిహేనేళ్లవాడికి కాళ్లు పొడుగు సాగుతుంటాయి గానీ బలం ఇంకా నిండదు. 800 మీటర్లవాడు పండేది ఇరవై దాటాకే. మన దగ్గర సరిగ్గా మొగ్గ తొడిగే వయసులో స్కూలు అయిపోతుంది. ఆటల మాస్టారు చెయ్యి వదిలేస్తారు, ఆయన తప్పేం లేదు, ఆయన ఉద్యోగం పదో తరగతి దాకానే. అండర్-19 పోటీలున్నాయి, కాదన్ను. కానీ అందులో పరిగెత్తాలంటే ముందు వాడి కాలేజీకి ఒక మైదానం ఉండాలి కదా!

మూడోది మా తల్లిదండ్రుల లెక్క. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. సుమారు పదివేల మంది పోయారని ఒక లెక్క, ఇంకా ఎక్కువని ఇంకో లెక్క. దివిసీమలో ఊళ్లకి ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. మావాడి తాతగారు చెప్పేవారట, "పొలం పోయింది, గొడ్లు పోయాయి, చదువుకున్నోడి చదువు మాత్రం పోలేదురా" అని. విచిత్రంగా అదే 1977లో విజయవాడలో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. 1998కల్లా గుడివాడ-బందరు రైలు దారిలో ఉన్న గుడ్లవల్లేరుకే ఇంజనీరింగ్ కాలేజీ వచ్చేసింది. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో అలాంటివి ఏడొందలు దాటాయి. ఒక పక్క ఇంటి ముందుకొచ్చిన సీటు, ఇంకో పక్క బూట్లు కూడా ఇవ్వని పరుగు. ఏ తండ్రయినా ఏది ఎంచుకుంటాడు? మా నాన్న ఏది ఎంచుకున్నాడో చెప్పక్కర్లేదు, నా ఉద్యోగమే సాక్ష్యం.

నన్ను వేసిన ఇంటర్ హాస్టల్లో (పేరు ఎందుకులెండి) పొద్దున ఐదున్నరకి స్టడీ అవర్, రాత్రి పదిన్నరకి స్టడీ అవర్. మైదానం అంటే బట్టలారేసుకునే డాబా. చేరిన మొదటి వారంలో ఒకరోజు పొద్దున్నే ఆ డాబా మీద చుట్లు కొడుతుంటే వార్డెన్ పట్టుకుని, "ఏం బాబూ, ర్యాంకు డాబా మీద దొరుకుద్దా?" అన్నాడు. అంతే, ఆ రోజుతో సరి. సర్టిఫికెట్లు ఏమైనా పనికొస్తాయా అంటే, అప్పట్లో ఎంసెట్లో క్రీడా కోటా అర శాతం ఉండేది. ఆ అర శాతంలోకి రావాలంటే జాతీయ స్థాయి పతకాల దాకా వెళ్లాల్సి వచ్చేది. జోన్ సర్టిఫికెట్‌కి చెదలు తప్ప గిరాకీ లేదు.

మరి అందరూ ఇంతేనా అంటే, కాదు. కేరళ 1976లో ఆడపిల్లల కోసం కన్ననూరులో స్పోర్ట్స్ డివిజన్ పెట్టి, నలభై మందిని తీసుకుని హాస్టల్లో ఉంచి తిండిపెట్టి పరిగెత్తించింది. అందులో ఒకమ్మాయి పి.టి. ఉష. ఎనిమిదేళ్ల తర్వాత లాస్ ఏంజిలెస్ ఒలింపిక్స్‌లో సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకుంది. మన రాష్ట్రంలో హకీంపేట క్రీడా పాఠశాల వచ్చింది 1993లో, కడపలోది 2006లో. 2014లో రాష్ట్రం విడిపోయాక హకీంపేట తెలంగాణకి వెళ్లింది. బందరు నుంచి కడప ఎంత దూరమో మీరే చూసుకోండి.

అసలు మన దేశంలో పరుగుని కాపాడింది స్కూళ్లు కాదు. పట్టాలమూ, రైల్వేలూ, పోలీసులూ. మిల్ఖాసింగ్ పరిగెత్తడం నేర్చుకున్నది పట్టాలంలో చేరాకే. ఉషకి ఉద్యోగమిచ్చింది రైల్వేలు. మన తెలుగువాళ్లలో నిలబడినవాళ్లని చూసినా అంతే. మార్టేరు అమ్మాయి సత్తి గీత 2004 ఏథెన్స్ రిలే జట్టులో ఉంది. తణుకు అమ్మాయి దండి జ్యోతికశ్రీ 2024 పారిస్ రిలేలో పరిగెత్తింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్ ఆసియా చాంపియన్‌షిప్‌లో 100 మీటర్ల హర్డిల్స్ బంగారు పతకం కొట్టింది, తర్వాత పారిస్ వెళ్లింది. జ్యోతి వాళ్ల నాన్న సెక్యూరిటీ గార్డు. వీళ్లకి పట్టుదల ఉంది, నిజమే. దాంతోపాటు పది అయ్యాక కూడా ఎవరో ఒక కోచ్, ఏదో ఒక హాస్టల్, మూడు పూటలా తిండి దొరికాయి. మావాడికి దొరకనివి ఇవే.

మానెయ్యడం తప్పని నేను అనట్లేదు. రోజర్ బానిస్టర్ 1954లో మైలు పరుగుని నాలుగు నిమిషాల లోపు పరిగెత్తాడు, అదే ఏడాది పరుగు మానేసి డాక్టరు పనిలో పడ్డాడు. ఎవరూ జాలిపడలేదు. ఎందుకంటే తన కాళ్లలో ఎంతుందో తెలుసుకున్నాకే మానేశాడు. మనవాళ్లు అది తెలియకుండానే మానేస్తారు. నా బాధంతా ఇక్కడే.

ఆ గులాబీ కాగితం ఇంకోసారి తీసి చూశాను. "ద్వితీయ స్థానం" అనుంది గానీ ఎన్ని నిమిషాలు, ఎన్ని సెకన్లు అన్నది లేదు. ఆ రోజు గుడివాడ ఎన్టీఆర్ స్టేడియంలో మాస్టారి మెళ్లో విజిల్ ఉంది, చేతిలో వాచీ మాత్రం లేదు. మావాడు ఎంత వేగంగా పరిగెత్తాడో ఎవరూ రాసుకోలేదు. అది జిల్లా రికార్డో, ఉత్త మామూలు పరుగో ఇప్పుడు చెప్పడం ఎవరివల్లా కాదు. ప్రోగ్రామర్ భాషలో చెప్పాలంటే లాగ్ లేదు. లాగ్ లేని చోట ఏం జరిగిందో ఎంత తవ్వినా దొరకదు.

మావాడు ఇంటర్ తర్వాత డిగ్రీ చదివాడు, కొన్నాళ్లు రొయ్యల చెరువు దగ్గర పనిచేశాడు, రెండేళ్లు కానిస్టేబుల్ కోచింగ్‌లో ఉన్నాడు. నోటిఫికేషన్ 2022లో వచ్చింది, ప్రిలిమ్స్ 2023 జనవరిలో అయ్యాయి, పరుగు పరీక్షలు 2024 డిసెంబరు ఆఖర్లో గానీ మొదలవలేదు. బందరు పోలీసు పరేడ్ గ్రౌండ్లో 1600 మీటర్లు, ఎనిమిది నిమిషాల్లో పూర్తిచెయ్యాలి. నాతో ఫోన్లో చెప్పాడు:

"ఒరేయ్, ఈసారి చిప్పు పెట్టార్రా. ఐదు నిమిషాల నలభై రెండు సెకన్లంట."

"బాగా తక్కువే కదరా!" అన్నాను.

"ఏమోరా, ఇంతకుముందు ఎంతో మనకి తెలీదుగా," అన్నాడు.

ఏపీఎస్పీ పోస్టులకి పరుగు మార్కులు కలుపుతారు కాబట్టి ఎంపికయ్యాడు. చాలా సంతోషం. పరుగు వాడికి అన్నం పెట్టింది, ఇరవయ్యేడేళ్ల వయసులో. కానీ జీవితంలో మొదటిసారి వాడి పరుగుని ఎవరో కొలిచింది కూడా అప్పుడే, అదీ ఉద్యోగానికి సరిపోతాడో లేదో చూడ్డానికి.

ఎంపికయ్యాక ఫోన్ చేస్తే "గ్రిగ్గు సర్టిఫికెట్ ఉందా నీ దగ్గర?" అనడిగాను. వాళ్ల ఇంటి కప్పు కురిసి ఎప్పుడో తడిసిపోయిందట.

ఈ ఏడాది కూడా గ్రిగ్గు జరుగుతుంది. మీ ఊరి హైస్కూల్లో ఎవరైనా తెలిసినవాళ్లుంటే ఒక్క పని చెయ్యండి. ఫోన్లో స్టాప్‌వాచ్ ఉంటుంది కదా, దాంతో ఆ పిల్లల టైము కొలిచి, ఒక నోటుబుక్కులో పేరు పక్కన రాసిపెట్టండి. తర్వాత ఎవరు మానేసినా, కనీసం ఏం వదిలేస్తున్నారో వాళ్లకి తెలుస్తుంది.