అభిరుచి సేకరణలు చరిత్రకు ఆధారాలు ఎప్పుడవుతాయి?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు:
• పోగుచేసిన పాత వస్తువులకూ చారిత్రక ఆధారాలకూ గల భేదాన్ని వివరించగలుగుతారు.
• కోటిలింగాల నాణేలు శాతవాహన చరిత్ర రచనను ఎలా ప్రభావితం చేశాయో చెప్పగలుగుతారు.
• హైదరాబాద్ రాజ్య తపాలా బిళ్ళలను, గల్ఫ్ ఉత్తరాల కవర్లను ఆధారాలుగా చదవగలుగుతారు.
• మీ ఇంట్లో లేదా ఊరిలో ఉన్న సేకరణను సరైన పద్ధతిలో నమోదు చేయగలుగుతారు.

1. విషయ పరిచయం

గంభీరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల్లోని అనేక ఇళ్ళల్లో ఒక పాత సందుగ ఉంటుంది. అందులో నిజాం కాలపు పైసలు, గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరాలు, పెళ్ళి ఫోటోలు, వాడకం మానేసిన కెమెరా వంటివి కనిపించవచ్చు. కొన్ని ఇళ్ళల్లో ఇలాంటి వస్తువులను ఎవరో ఒకరు జీవితాంతం ఇష్టంగా పోగుచేసి ఉంటారు. ఆ మనిషి పోయిన తరువాత ఇంటివారికి సాధారణంగా రెండు దారులే తోస్తాయి. ఒకటి, పాత సామాన్లు కొనేవారికి తూకానికి ఇచ్చివేయడం. రెండు, పిల్లల చేతికి ఇవ్వడం.

చరిత్ర విద్యార్థిగా మీకు మూడో దారి తెలియాలి. అందుకు ముందుగా మూడు మాటల మధ్య తేడా గమనించండి. దొరికినదల్లా దాచిపెడితే అది పోగు. ఎంపిక చేసి, ఒక వరుసలో అమర్చితే అది సేకరణ. ప్రతి వస్తువు ఎక్కడ, ఎప్పుడు, ఎవరి వద్ద దొరికిందో రాసి ఉంచితే ఆ సేకరణ చారిత్రక ఆధారం అవుతుంది. వస్తువు ఎంత పాతదైనా, ఎంత అరుదైనదైనా, ఈ వివరాలు లేకపోతే దాని విలువ చరిత్రకారునికి చాలావరకు తగ్గిపోతుంది. ఈ పాఠ్యభాగం మొత్తం ఈ ఒక్క సూత్రాన్ని మన ప్రాంతపు ఉదాహరణలతో వివరిస్తుంది.

2. సేకరణ అభిరుచి – నేపథ్యం

ప్రపంచంలో తొలి అంటించే తపాలా బిళ్ళ అయిన పెన్నీ బ్లాక్ 1840లో బ్రిటన్‌లో వెలువడింది. భారత ఉపఖండంలో 1852లో సింధ్‌లోనూ, 1854లో బ్రిటిష్ ఇండియా అంతటికీ తపాలా బిళ్ళలు వచ్చాయి. వాటితోపాటే వాటిని సేకరించే అలవాటు కూడా పెరిగింది. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టగలగడం వల్ల ఇది బడిపిల్లలకూ చిన్న ఉద్యోగులకూ అందుబాటులో ఉన్న అభిరుచి అయింది.

మరో వైపు సంపన్నుల సేకరణలు ఉన్నాయి. హైదరాబాద్‌లో మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ 1914లో దివాన్ పదవి నుంచి తప్పుకున్న తరువాత, 1949లో మరణించేవరకు కళాఖండాలను, గ్రంథాలను సేకరిస్తూనే ఉన్నాడు. ఆ సేకరణతో 1951లో మ్యూజియం ప్రారంభమైంది. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. ఒక వ్యక్తి సొంత ఇష్టంతో కూడబెట్టినది ప్రజల ఆస్తిగా మారిన తీరుకు ఇది మంచి ఉదాహరణ. అయితే చరిత్రకు పనికివచ్చే సేకరణ చేయడానికి సంపద తప్పనిసరి కాదు. దీనికి సాక్ష్యం జగిత్యాల జిల్లాలోనే ఉంది.

3. కోటిలింగాల నాణేలు

గోదావరిలో పెద్దవాగు కలిసేచోట కోటిలింగాల గ్రామం ఉంది. వానలకు మట్టి కొట్టుకుపోయినప్పుడు అక్కడి దిబ్బలపై చిన్న నాణేలు బయటపడేవి. ధర్మపురి ప్రాంతానికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ ఈ నాణేలను సేకరించి పండితుల దృష్టికి తెచ్చాడు. శాసన, నాణేల పరిశోధకుడు పి.వి. పరబ్రహ్మశాస్త్రి వాటిపై ఉన్న బ్రాహ్మీ అక్షరాలను చదివి, 1970ల చివర్లో ప్రకటించాడు. ఆ తరువాత రాష్ట్ర పురావస్తు శాఖ వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో అక్కడ తవ్వకాలు జరిపింది.

ఈ నాణేలు చెప్పిన కొత్త విషయాలు రెండు. మొదటిది, గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు. వీటి ముందు రాజు అనే అర్థమిచ్చే ప్రాకృత పదం ఉంది. అంటే శాతవాహనులు ఇక్కడ బలపడకముందే సొంత పేర్లతో నాణేలు వేయించిన స్థానిక పాలకులు ఉన్నారని పండితులు భావించారు. పురాణాల్లోని రాజుల జాబితాల్లో వీరి ప్రస్తావన లేదు. నాణేలే లేకపోతే ఈ పేర్లు మనకు చేరేవి కావు.

రెండోది, సిముకుని పేరుగల నాణేలు. పాఠ్యగ్రంథాల్లో శ్రీముఖుడు అని మీరు చదివే తొలి శాతవాహన రాజు ఇతడే. అంతవరకు మహారాష్ట్రలోని నానాఘాట్, నాసిక్ శాసనాల ఆధారంగా శాతవాహనుల తొలి నివాసం పశ్చిమ దక్కనులో ఉందన్న వాదం బలంగా ఉండేది. కోటిలింగాల నాణేల తరువాత వారి ఆరంభం తెలంగాణలో జరిగిందన్న వాదానికి బలం చేకూరింది. అయితే నాణేలు వర్తకుల చేతుల్లో దూరప్రాంతాలకు ప్రయాణిస్తాయి. కాబట్టి ఒక రాజు నాణెం దొరికినచోటే అతని జన్మభూమి అని కచ్చితంగా చెప్పలేం. ఈ చర్చ పండితుల మధ్య ఇంకా కొనసాగుతూనే ఉంది. పరీక్షలో సమాధానం రాసేటప్పుడు రెండు వాదాలనూ పేర్కొనండి.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి. అదే నాణేలు ఊరి పేరు లేకుండా ఒక నగరంలోని దుకాణానికి చేరి ఉంటే ఏమయ్యేది? వాటిపై పేర్లు చదవగలిగేవారు. కాని ఈ రాజులు గోదావరి తీరంలో పాలించారన్న ఊహకు ఆస్కారమే ఉండేది కాదు. ‘కోటిలింగాలలో దొరికినవి’ అన్న ఒక్క మాట వల్లనే అవి చరిత్ర అయ్యాయి. అదే సమయంలో ఉపరితలంపై దొరికిన నాణేనికి ఒక పరిమితి ఉంది. అది ఏ మట్టి పొరకు చెందినదో తెలియదు. నాణేల ముందువెనుకల క్రమం తేలాలంటే తవ్వకం అవసరం. అందుకే సేకర్త, లిపి చదివే పండితుడు, తవ్వకం జరిపే పురావస్తువేత్త ముగ్గురూ అవసరమయ్యారు. శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టు వల్ల కోటిలింగాల ముంపు ప్రాంతంలోకి వచ్చింది. కాబట్టి అప్పట్లో రాసి ఉంచిన వివరాల విలువ ఇప్పుడు ఇంకా పెరిగింది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) కోటిలింగాల నాణేలపై కనిపించిన స్థానిక పాలకుల పేర్లు రెండు రాయండి.
(ఆ) ఉపరితల సేకరణకు గల పరిమితి ఏమిటి?

4. హైదరాబాద్ రాజ్య తపాలా బిళ్ళలు

హైదరాబాద్ రాజ్యపు తొలి తపాలా బిళ్ళ 1869లో వెలువడింది. దాని విలువ ఒక అణా. ఈ బిళ్ళలు రాజ్యం లోపల మాత్రమే చెల్లేవి. బయటి ప్రాంతాలకు రాసే ఉత్తరానికి బ్రిటిష్ ఇండియా బిళ్ళ కావాలి. కాబట్టి అప్పటి గంభీరావుపేట నుంచి కరీంనగర్‌కు వెళ్ళే ఉత్తరమూ, బొంబాయికి వెళ్ళే ఉత్తరమూ రెండు వేరువేరు తపాలా వ్యవస్థలకు చెందినవి. 1950లో నిజాం తపాలా శాఖ భారత తపాలా శాఖలో విలీనమైంది.

1931 నుంచి వెలువడిన చిత్రాల బిళ్ళలను పరిశీలించండి. ఒక అణా బిళ్ళపై చార్మినార్, రెండణాల బిళ్ళపై హైకోర్టు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్‌సాగర్, ఎనిమిదణాల బిళ్ళపై అజంతా గుహల ముఖద్వారం, పన్నెండణాల బిళ్ళపై బీదర్ మదరసా, రూపాయి బిళ్ళపై దౌలతాబాద్ మీనార్ ఉన్నాయి. అజంతా, దౌలతాబాద్ మరాఠీ ప్రాంతంలోనివి. బీదర్ నేటి కర్ణాటకలో ఉంది. 1956లో మూడు రాష్ట్రాల మధ్య విడిపోయిన రాజ్యం ఈ బిళ్ళలపై ఒక్కటిగా కనిపిస్తుంది.

ఇప్పుడు లేనిదాన్ని చూడండి. తెలుగు ప్రాంతానికి చెందిన మూడు దృశ్యాలూ రాజధానివో, దాని పొరుగువో. వరంగల్, కరీంనగర్ వంటి తెలుగు జిల్లాల కట్టడం ఒక్కటీ ఆ వరుసలో లేదు. వరంగల్ కోటలోని కాకతీయ తోరణం మూడణాల బిళ్ళపై రావడానికి 1940ల చివరి వరకు ఆగవలసి వచ్చింది. ఒక ప్రభుత్వం తనను తాను ఎలా చూపించుకోదలచిందో బిళ్ళల వరుస తెలియజేస్తుంది. ఒక్క బిళ్ళను చూస్తే ఇది తెలియదు. వరుసను పూర్తిచేయాలన్న సేకర్త పట్టుదల చరిత్రకారునికి ఉపయోగపడేది ఇక్కడే.

ఇంటి కాగితాల్లో ఫసలీ సంవత్సరం కనిపిస్తే దానికి 590 కలపండి. సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. ఉదాహరణకు ఫసలీ 1357 అంటే 1947–48.

5. గల్ఫ్ ఉత్తరాల కవర్లు

1973 తరువాత చమురు ధరలు పెరగడంతో గల్ఫ్ దేశాల్లో నిర్మాణ పనులు విస్తరించాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వేలాది మంది దుబాయి, మస్కట్, బహ్రెయిన్, కువైట్, సౌదీ అరేబియాలకు కూలికి వెళ్ళారు. ఫోన్లు అందుబాటులోకి రాకముందు వారికీ ఇంటికీ మధ్య ఉన్న బంధం ఉత్తరమే. ఇంటికి కవరు రాగానే పిల్లలు చేసే పని ఒకటుండేది. రంగురంగుల బిళ్ళను చింపి, నీళ్ళలో నానబెట్టి, నోటుపుస్తకంలో అంటించేవారు. మిగిలిన కవరు పొయ్యిలోకి పోయేది.

ఈ అలవాటులో పోయినదేమిటో లెక్కవేయండి. తపాలా ముద్రలో పంపిన ఊరు, తేదీ ఉంటాయి. కవరు వెనుక పంపినవారి చిరునామాలో కంపెనీ పేరో, కార్మికుల క్యాంపు పేరో ఉండవచ్చు. ఇంటి చిరునామా ఎవరి పేరుమీద ఉందో చూస్తే ఆ కుటుంబంలో ఉత్తరం చదవగలిగినవారెవరో ఊహించవచ్చు. ఒక ఊరికి వచ్చిన యాభై కవర్లను తేదీల వారీగా పేర్చితే, ఆ ఊరివారు ఏ సంవత్సరాల్లో ఏ దేశానికి ఎక్కువగా వెళ్ళారో ఒక అంచనా వస్తుంది. బిళ్ళ మాత్రమే మిగిలితే ఇవేవీ తెలియవు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ కూడా గల్ఫ్‌లోనే ఉంది. 1960లలో, 1970ల ఆరంభంలో అజ్మాన్, షార్జా, ఉమ్ అల్ కువైన్ వంటి చిన్న రాజ్యాల పేరిట పెద్దసంఖ్యలో అందమైన బిళ్ళలు వెలువడ్డాయి. వాటిలో ఎక్కువభాగం ప్రపంచవ్యాప్తంగా సేకర్తలకు అమ్మడానికే అచ్చయ్యాయి. ఉత్తరాలపై వాడినవి తక్కువ. ఆల్బమ్‌లో మెరిసే అలాంటి బిళ్ళ కంటే, మసకబారిన ముద్రతో కోరుట్లకు చేరిన మామూలు కవరు మన చరిత్రకు ఎక్కువ విషయం చెబుతుంది.

ఇదే మాట కెమెరాలకూ వర్తిస్తుంది. పాత కెమెరా యంత్రం సాంకేతిక చరిత్రకు ఉపకరిస్తుంది. కాని దానితో తీసిన నెగటివ్‌లు సామాజిక చరిత్రకు మరింత అవసరం. ఆరో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్ నెగటివ్‌లు రెండువేలకు పైగా భద్రంగా ఉండడం వల్లనే ఆయన కాలపు హైదరాబాద్‌ను మనం చూడగలుగుతున్నాం. మీ ఊరి ఫోటో స్టూడియోలోని నెగటివ్‌ల పెట్టెను ఈ దృష్టితో చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) కవరు నుంచి బిళ్ళను వేరుచేస్తే కోల్పోయే సమాచారం ఏది?
(ఆ) 1931 నాటి బిళ్ళల వరుసలో తెలుగు జిల్లాల స్థానాన్ని గురించి మీరేమి గమనించారు?

6. నమోదు పద్ధతి, చట్టాలు

ఒక నోటుపుస్తకంలో ప్రతి వస్తువుకు వరుస సంఖ్య ఇవ్వండి. వస్తువు ఏమిటి, ఎక్కడ దొరికింది, ఎవరు ఇచ్చారు, ఏ తేదీన ఇచ్చారు, దాని గురించి వారు ఏమి చెప్పారు అన్న ఐదు వివరాలు రాయండి. మీరు చూసినదానిని, ఇతరులు చెప్పినదానిని విడివిడిగా రాయండి. కవర్లను చింపవద్దు. నాణేలను చింతపండుతోనో, బూడిదతోనో తోమవద్దు. తోమితే అక్షరాలు అరిగిపోతాయి. ఫోటో వెనుక పెన్నుతో రాయకుండా మెత్తని పెన్సిలుతో పేర్లు రాయండి. ఫోటోలో ఉన్నవారిని గుర్తుపట్టే పెద్దలు జీవించి ఉండగానే ఈ పని పూర్తిచేయండి. ఉత్తరాల్లో కుటుంబ రహస్యాలు ఉండవచ్చు. ఇంటివారి అనుమతి లేకుండా వాటిని బయటపెట్టవద్దు.

చట్టాలు కూడా తెలిసి ఉండాలి. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం భూమిలో దాగి ఉన్న, పది రూపాయలకు మించిన విలువగల నిధి దొరికితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్ళు దాటిన వస్తువులను పురావస్తువులుగా పరిగణిస్తుంది. వాటిని విదేశాలకు తరలించడాన్ని నిషేధిస్తుంది. దిబ్బలను సొంతంగా తవ్వడం నేరమే కాక, మట్టి పొరల సాక్ష్యాన్ని శాశ్వతంగా చెరిపివేస్తుంది.

7. సారాంశం

సేకరణ విలువ వస్తువు ధరలో లేదు, దానితోపాటు నిలిచిన వివరాల్లో ఉంది. దొరికిన చోటు తెలియడం వల్లనే కోటిలింగాల నాణేలు శాతవాహన చరిత్రపై చర్చను మలుపు తిప్పాయి. వరుసగా పేర్చి చూసినప్పుడు నిజాం తపాలా బిళ్ళలు రాజ్యం దృష్టిని తెలిపాయి. కవరు చెక్కుచెదరకుండా ఉంటే గల్ఫ్ వలస చరిత్రకు ఆధారం దొరుకుతుంది. ఇలాంటి కాగితాలు చాలావరకు ఏ ప్రభుత్వ భాండాగారానికీ చేరవు. అవి ఇళ్ళల్లోనే ఉన్నాయి, ఇళ్ళల్లోనే పోతున్నాయి. వాటిని నమోదు చేయగలిగేది ఆ ఊళ్ళలో ఉండి చదువుకుంటున్న మీరే.

8. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు సుమారు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కోటిలింగాల నాణేల ప్రాముఖ్యాన్ని, వాటిపై గల భిన్నాభిప్రాయాలను వివరించండి.
2. తపాలా బిళ్ళలు, కవర్లు చారిత్రక ఆధారాలుగా ఎలా ఉపయోగపడతాయో ఉదాహరణలతో చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నకు సుమారు 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. సేకరణను నమోదు చేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?

III. అభ్యాసం
మీ ఇంట్లోని లేదా ఊరిలోని ఏవైనా పది పాత వస్తువులను ఎంచుకుని, 6వ విభాగంలో చెప్పిన ఐదు వివరాలతో ఒక పట్టిక తయారుచేయండి.