స్మార్ట్ సిటీ టెండర్ వేస్తున్నారా? డేటా భద్రత ఖర్చు ముందే లెక్కేసుకోండి

పటాన్‌చెరు, పాశమైలారం, ఐడీఏ బొల్లారం వైపు సీసీ కెమెరాలు బిగించే, కేబుల్ లాగే, కంట్రోల్ ప్యానెళ్లు తయారుచేసే చిన్న సంస్థలు ఉన్నాయి. టెండర్ పడిందంటే మనవాళ్లు ముందుగా చూసేది మెటీరియల్ రేటు, లేబర్, జీఎస్టీ, ధరావతు. డేటా భద్రత ఖర్చు రాసుకోవడం మర్చిపోతే, పని చేతికొచ్చాక అది లాభంలోంచే పోతుంది.

సంగారెడ్డికి ఏం సంబంధం?

కేంద్రం 2015 జూన్ 25న స్మార్ట్ సిటీస్ మిషన్ మొదలుపెట్టింది. 100 నగరాల్లో తెలంగాణ నుంచి వరంగల్, కరీంనగర్ ఉన్నాయి. మన జిల్లాకు చోటు దక్కలేదు. మిషన్ 2025 మార్చి 31తో ముగిసింది. కానీ కెమెరాలు, సిగ్నళ్లు, స్మార్ట్ దీపాలు, నీటి మీటర్ల లాంటి పనులు ఆ 100 నగరాలకే పరిమితం కావు. ఈ పనుల్లో జనం ముఖాలు, బండి నంబర్లు, ఫోన్ నంబర్లు పోగవుతాయి. చట్టం వచ్చేది ఇక్కడే.

చట్టం ఏం చెబుతోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు 18 నెలల గడువు తర్వాత, అంటే 2027 మే నుంచి అమలవుతాయి. ఈరోజు వేసే మూడేళ్ల, ఐదేళ్ల టెండర్లు ఆ తేదీ దాటి నడుస్తాయన్నది గుర్తుంచుకోవాలి.

తగిన భద్రత పెట్టకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉంటుంది. లీకైన సంగతి బోర్డుకు, బాధితులకు చెప్పకపోతే 200 కోట్ల వరకు. చట్టం దృష్టిలో మొదటి బాధ్యత డేటా ఎందుకు, ఎలా వాడాలో నిర్ణయించే సంస్థది. మున్సిపాలిటీ చెప్పినట్టు పనిచేసే కాంట్రాక్టర్‌ది ఒప్పందం ద్వారా వచ్చే బాధ్యత. అందుకే టెండర్‌లో నష్టపరిహారం క్లాజు ఉందో లేదో చూడాలి. పైవాళ్ల మీద పడ్డ భారం ఆ ఒక్క క్లాజుతో మీ మీదికి రావచ్చు.

ఇది కాక, సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ ఆదేశాల ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. కొత్త నిబంధనల్లో లాగ్‌లకు కనీసం ఏడాది గడువు ఉంది.

ఖర్చులు ఎక్కడెక్కడ?

- పరీక్ష పాసైన కెమెరాలు. 2025 ఏప్రిల్ 9 నుంచి సీసీ కెమెరాలకు సైబర్ భద్రత పరీక్ష తప్పనిసరి. పాత చౌక స్టాకు పనికిరాదు.
- సెర్ట్-ఇన్ జాబితాలోని ఆడిటర్‌తో ఆడిట్, టెండర్ అడిగితే ఐఎస్ఓ 27001 సర్టిఫికెట్.
- ఎన్‌క్రిప్షన్, బ్యాకప్, లాగ్‌ల స్టోరేజీ. ఇవి ఏటా వచ్చే ఖర్చులు.
- 6 గంటల్లో స్పందించగల మనిషి జీతం.
- పని ముగిశాక డేటా అప్పగించడం, చెరిపేయడం.

చిన్నవాళ్లకే ఎందుకు బరువు?

ఉదాహరణకు 40 లక్షల పనిలో లాభం 8 శాతం అనుకుందాం, అంటే 3.20 లక్షలు. డేటా భద్రతకు 2 లక్షలైతే మిగిలేది 1.20 లక్షలు, 3 శాతమే. 8 కోట్ల పనికి అదే ఖర్చు 8 లక్షలైనా, 64 లక్షల లాభంలో 56 లక్షలు మిగులుతాయి. ఆడిట్ ఫీజు పని సైజుతో సమానంగా తగ్గదు. తక్కువ రేటుకే పని దక్కే పద్ధతిలో, నిజాయితీగా ఖర్చు రాసినవాడు వెనకబడతాడు, రాయనివాడు తర్వాత నష్టపోతాడు.

ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే కేంద్ర టెండర్లలో ధరావతు మినహాయింపు దొరుకుతుంది. డేటా భద్రత షరతులకు అది వర్తించదు.

బిడ్ వేసేముందు

ప్రీ-బిడ్ సమావేశంలో రాతపూర్వకంగా అడగండి: డేటా ఎవరి సర్వర్‌లో ఉంటుంది? ఆడిట్ ఖర్చు ఎవరిది? నష్టపరిహారానికి పరిమితి ఎంత? డేటా భద్రతకు రేట్ల పట్టికలో విడిగా వరుస పెడతారా? విడి వరుస ఉంటే అందరూ ఒకే పని మీద పోటీపడతారు. మీ పనిపై జీఎస్టీ పడుతుంటే ఆడిట్ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ సంగతి కూడా మీ అకౌంటెంట్‌ను అడగండి.

2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ డేటా లీకై, కేసు అరెస్టు దాకా వెళ్లింది. రేపు లీకయ్యే కెమెరాలో మన గల్లీ, మన పిల్లలు కూడా ఉంటారు. ఈ ఖర్చు మిగుల్చుకుంటే చివరికి మనమే కట్టాల్సి వస్తుంది.