పువ్వేసిన కంటికి పక్కదారి

కంట్లో పువ్వేసిందని మన పెద్దలు అనేది కార్నియా తెల్లబడటాన్నే. కంటి ముందున్న ఆ పొర మసకబారితే, వెనక రెటీనా ఎంత బాగున్నా దానికి బొమ్మ అందదు. పొర పోయిన చోట గాజు పెడదామన్న ఊహ పాతదే. 1789లో ఫ్రెంచి వైద్యుడు పెలియే ద కెంగ్సీ వెండి అంచున్న గాజు బిళ్లను ప్రతిపాదించాడు. పంతొమ్మిదో శతాబ్దం నడుమ జర్మనీలో నుస్‌బామ్ స్ఫటికపు బిళ్లలు అమర్చి చూశాడు. కన్ను వాటిని ఉంచుకోలేదు, బయటికి నెట్టేసింది. 1905 డిసెంబరు 7న ఓలొమౌత్స్ పట్టణంలో ఎడ్వర్డ్ జిర్మ్, సున్నం పడి చూపు పోయిన ఒక కూలీకి ఓ బాలుడి కార్నియాను అతికించాడు. రెండు కళ్లకూ అతికిస్తే నిలిచింది ఒకటే. 1963లో రోమ్‌లో స్ట్రాంపెల్లి రోగి పంటినే చట్రంగా మలిచి, అందులో ప్లాస్టిక్ కటకం బిగించాడు. వింతగా తోచే ఈ శస్త్రచికిత్స నేటికీ బతికే ఉంది, ఎందుకంటే తన పంటిని ఒళ్లు పరాయిదనుకోదు. చూపు తెప్పించడం కన్నా దాన్ని నిలపడమే కష్టమని ఈ రెండు శతాబ్దాలూ చెబుతున్నాయి.

జర్మనీ, అమెరికా పరిశోధకులు ఆలోచిస్తున్న కొత్త పద్ధతిని కూడా ఆ కొలతతోనే చూడాలి. కళ్లజోడులోని కెమెరా బొమ్మను తీగ లేకుండా కంటి లోపలికి పంపుతుంది. మసకబారిన పొర వెనక అమర్చిన బుల్లి తెర ఆ బొమ్మను రెటీనా మీద వేస్తుంది. గోడకు కిటికీ కొట్టకుండా, దీపాన్నే గోడ అవతల పెట్టడం లాంటిదిది. పని ఇంకా పరిశోధన దశలోనే ఉంది. వేడి, తడి, కరెంటు, మూడూ చిక్కులే. నేత్రదానం పెంచితే ఇదంతా ఎందుకని అడగవచ్చు. దానం పెరగాల్సిందే. 70 మందికి కార్నియా కావాలంటే ఒకరికే దొరుకుతోందని 2016లో వెలువడిన ప్రపంచ సర్వే లెక్కగట్టింది. కానీ రసాయనాలు పడి ఎండిపోయిన కంట్లో, అతికించిన ప్రతిసారీ ఒళ్లు తిరస్కరించిన కంట్లో, దొరికిన కార్నియా కూడా నిలవదు. ఈ తెర అవసరం అలాంటి వాళ్లకే.

కృత్రిమ చూపంటే నాలుగు మసక చుక్కలేగా అన్నది ఇంకో అభ్యంతరం. రెటీనాలో వెలుగును పట్టే కణాలే చచ్చిపోయినవారికి అమర్చిన ఆర్గస్-2 అనే పరికరంలో ఉన్నవి 60 ఎలక్ట్రోడ్లు, అందుకే చూపు అంత మసక. ఇక్కడ రెటీనా మొత్తం బతికే ఉంది, దానికి కావలసింది వెలుగు మాత్రమే. కాబట్టి బొమ్మ మెరుగ్గా ఉంటుందని ఆశించడంలో తప్పు లేదు. నా భయం వేరు. 2013లో అమెరికా అనుమతి పొందిన ఆర్గస్-2, ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా కళ్లలోకి వెళ్లింది. గిట్టుబాటు కాక తయారీదారులు దాన్ని వదిలేశాక, పాడైతే బాగుచేసే దిక్కు లేక ఎందరో మిగిలిపోయారు. నుస్‌బామ్ బిళ్లను కన్ను వదిలేసింది, ఆర్గస్‌ను వ్యాపారం వదిలేసింది. నష్టపోయింది రెండుసార్లూ రోగే. కంట్లో తెర పెట్టడానికి అనుమతి అడిగే ప్రతి సంస్థ చేతా, ఆ రోగి బతికినన్నాళ్లూ మరమ్మతు బాధ్యత తనదేనని ప్రభుత్వాలు ముందే రాయించుకోవాలి.