ప్రధాన సర్వర్ వైఫల్యము (ప్రతులు గల అన్వేషణ వ్యవస్థలలో)

ఒకే సూచికను పలు యంత్రములపై నిలిపి, క్రొత్త చేర్పులను స్వీకరించు భారము ఒకదానికిని, ప్రశ్నలకు సమాధానమిచ్చు పని తక్కినవాటికిని అప్పగించిన వ్యవస్థలో, మొదటిదైన ప్రధాన సర్వర్ కూలినను వెదుకులాట ఆగదు. చేర్పులు మాత్రమే ఆగును. కనుకనే ఈ వైఫల్యము తొలుత పాఠకుల కంటబడకపోవుటయు కద్దు. 2006లో అపాచీ సంస్థకు చేరిన సోలర్ అను అన్వేషణ సాధనపు తొలి కూర్పులలో, ఒక ప్రతిని ప్రధానస్థానమున నిలుపుట నిర్వాహకుని చేతిపని. 2012నాటి 4వ కూర్పు నుండి, యంత్రముల నడుమ పొందిక కూర్చు జూకీపర్ తోడ్పాటున, యంత్రములే నాయకుని ఎన్నుకొనసాగెను. పాత ప్రధానము తిరిగి లేచినప్పుడు అనుచరమై చేరవలెను. లేనిచో ఇరువురు నాయకులై, సూచిక రెండు త్రోవల పోవును.

అయితే ప్రతులుండియు సేవ మొత్తము ఆగిపోవుటయు కలదు. ఇందుకు తెలుగువారికి అనుభవమునకు వచ్చిన ఉదాహరణము, కంప్యూటరు శాస్త్రజ్ఞుడు రాజ్ రెడ్డి సారథ్యమున పుస్తకముల స్కానింగుకై సాగిన మిలియన్ బుక్ ప్రాజెక్టుతో ముడివడిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగుళూరు, హైదరాబాదులందు దీనికి వేర్వేరు సర్వర్లుండెను. అయినను 2016, 2017 ప్రాంతమున ఇది పాఠకులకు అందకుండ పోయెను. కాపీహక్కుల చిక్కే కారణమని పలువురందురు. యంత్రదోషమనుటకంటె ఇదియే నమ్మదగినట్లు తోచును. ఒకే అధికారము క్రింది ప్రతులు యంత్రవైఫల్యమునకు మందు కావచ్చును గాని, అధికారము వెనుదీసినచో అన్నియు ఒక్కసారే మూతపడును. ఆదుకొన్నది ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరిన ప్రతి. అందలి పెక్కు గ్రంథముల గుర్తింపులు నేటికిని ‘ఇన్.ఎర్నెట్.డీఎల్ఐ.2015’ అను పాత చిరునామా ఛాయనే మోయుచున్నవి. ప్రతితోపాటు దోషములును వచ్చెను: తెలుగు పేర్లు రోమను లిపిలో ఇష్టానుసారము వ్రాయబడుటచే, పుస్తకముండియు వెదకువానికి లేనట్లే యగును. ఈ లోటును తెలుగు వికీపీడియా ఔత్సాహికులు తెలుగు లిపిలో జాబితాలు కూర్చి కొంత తీర్చిరి.

సూచిక మూలమునుండి పుట్టినది గనుక, ప్రతులన్నియు చెడినను మూలమున్నచో మరల నిర్మింపవచ్చును. అయితే స్కానులోనే పుట జారిన పాత పత్రికా సంచికకు మూలమనగా కాగితమే. అట్టివానిని దాచిన గ్రంథాలయములలో 1918లో స్థాపితమైన వేటపాలెము సారస్వత నికేతనము ఒకటి.