రోగలక్షణములు: మాధవనిదానము నుండి ఉద్దానము వరకు

రోగమునకు నోరు లేదు. అది దేహమున కొన్ని గురుతులను మాత్రము చూపును. వానిని చదువుటయే వైద్యవిద్యకు ఓనమాలు. ఈ చదువు ఎట్లు ప్రారంభమై ఎచ్చటికి చేరినదో తెలిసికొనుట పల్లెవాసులకు మిక్కిలి అవసరము. ఏలయన, గురుతులను తప్పుగా చదివినందునను, గురుతులు లేవని ఉపేక్షించినందునను పోయిన ప్రాణము లనేకములు.

క్రీ.శ. 7, 8 శతాబ్దుల ప్రాంతమువాడగు మాధవకరుడు కేవలము రోగనిర్ణయమునకే ఒక గ్రంథమును రచించెను. దాని పేరు రోగవినిశ్చయము. లోకమున మాధవనిదానమని ప్రసిద్ధి. రోగము నెఱుగుటకు ప్రాచీనులు ఐదు మార్గములను చెప్పిరి. రోగమునకు కారణమైనది నిదానము. రోగము రాకముందు కనబడు సూచన పూర్వరూపము. వచ్చిన పిదప స్పష్టపడు లక్షణము రూపము. ఏ ఆహారౌషధముల వలన ఉపశమనము కలుగునో అది ఉపశయము. దోషము ప్రకోపించి రోగముగ పరిణమించు క్రమము సంప్రాప్తి. ఈ ఐదింటిలో లక్షణము ఒకటి మాత్రమే యనుట గమనింపదగినది. అంతియే కాదు, లక్షణము మరుగుపడిన వ్యాధికి గూఢలింగమని పేరిడి, దానిని ఉపశయముచే పరీక్షింపవలెనని చరకసంహిత విధించినది.

ఒకే లక్షణము పెక్కు రోగములకు ఉండవచ్చును. ఇందుకు జ్వరమే తార్కాణము. దినము విడిచి దినము వచ్చు జ్వరమును తృతీయకమనియు, రెండు దినములు విడిచి వచ్చుదానిని చతుర్థకమనియు ప్రాచీనులు వేరుపరచిరి. వారి లెక్క సరియైనదే. కారణము మాత్రము కంటికందనిది. మన్యమునకు పోయి చలిజ్వరముతో తిరిగివచ్చినవారిని చూచి కొండగాలి, కొండనీరు సోకినవని జనులు చెప్పుకొనుచుండిరి. 1880లో అల్జీరియాలో లావెరాన్ అను ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తమున ఆ జ్వరమునకు మూలమైన సూక్ష్మజీవిని కనుగొనెను. 1897 ఆగస్టు 20వ తేదీన మన సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపున ఆ జీవిని చూచెను. నాటితో గాలిమీది నింద తొలగినది. చలిజ్వరమును నిర్ణయించుటకు రక్తపుచుక్క సాక్షియైనది.

మరికొన్ని లక్షణములు ఒక మనిషివి కావు, ఊరివి. నాటి నెల్లూరు జిల్లాలోని పొదిలి, దర్శి ప్రాంతములందు పలువురికి పండ్లు గారపట్టి మచ్చలు తేలెడివి. కీళ్లు పట్టి, వెన్ను బిగిసి, నడుము వంగక బాధపడువారుండిరి. విడివిడిగ చూచిన ఇది వాతరోగమును పోలియుండును. 1937లో షార్ట్ మొదలగు పరిశోధకులు దీనికి మూలము త్రాగునీటిలో మితిమీరిన ఫ్లోరైడని ప్రకటించిరి. ఒకే గురుతు ఇంటింట కనబడునప్పుడు నాడిని మాత్రమే గాక నూతిని గూడ పరీక్షింపవలెనని ఈ వృత్తాంతము నేర్పినది.

ఇక మనకు అతి సమీపమునగల ఉదాహరణము ఉద్దానము. చీపురుపల్లియు 1979లో విజయనగరము జిల్లా ఏర్పడువరకు శ్రీకాకుళము జిల్లాలోనిదే గనుక ఇది పరాయివారి కథ కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములు కొబ్బరి, జీడిమామిడి తోటలతో కన్నులపండువుగ నుండును. ఆ చల్లని నీడలలోనే మూత్రపిండముల వ్యాధి దశాబ్దములుగ కుటుంబములను కూల్చుచున్నది. సాధారణముగ ఈ వ్యాధికి మధుమేహమో రక్తపుపోటో కారణమగును. ఇచ్చట ఆ రెండును లేనివారు సైతము పెక్కురు దీనిపాలగుచున్నారు. మూత్రపిండముల శక్తి చాలవరకు క్షీణించుదాక నొప్పి లేదు, జ్వరము లేదు. పాదములు వాచి, అన్నము సయించక, ఆయాసము పుట్టి వైద్యుని కడకు పోవునప్పటికి కాలము మించిపోవుచున్నది. చరకుని గూఢలింగమను మాట ఇచ్చట ఎంత సార్థకము! దీనిని ముందుగ పట్టియిచ్చునది రక్తమున క్రియాటినిన్ అను పదార్థమును కొలుచు పరీక్ష. మూత్రపరీక్షలో దోషము కనబడనివారును ఉందురు గనుక రక్తపరీక్ష మానరాదు.

వ్యాధికి మూలకారణ మింకను నిర్ధారణ కాలేదు. ప్రాచీనుల భాషలో చెప్పవలెనన్న, రూపము తెలిసినది, నిదానము తేలలేదు. అయినను ప్రయత్నము ఆగలేదు. హిరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు త్రాగునీరు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రితోకూడిన మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి.

ఈ చరిత్రవలన తేలునవి మూడు. లక్షణమే రోగము కాదు. జ్వరమునకు మాత్ర మ్రింగి ఊరకుండుట నిర్ణయము కాదు. ఇరుగుపొరుగున ఒకే బాధ కనబడిన, దానిని కర్మమనక అధికారులకు తెలుపవలెను. లక్షణము లేకపోవుట ఆరోగ్యమునకు హామీ కాదు. నడివయస్సు దాటినవారు, ఇంట మూత్రపిండ వ్యాధిగ్రస్తులు గలవారు, వైద్యుని సలహాపై ఏటేట రక్తపరీక్ష చేయించుకొనుట మేలు. గ్రంథాలయమున చదివినది ఇంటికి పోయి ఆచరించిననాడే చదువునకు ఫలము. ఈ రజతోత్సవ శుభవేళ చదువరు లందరు ఆయురారోగ్యములతో వర్ధిల్లుదురు గాక!