నీటి చుక్క చెప్పిన చరిత్ర

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాసి ఇమ్మని సంపాదకవర్గం వారు కోరినప్పుడు కాస్త తటపటాయించాను. రాజుల చరిత్ర నాకు రాదు. 1971లో హెల్పరుగా చేరి, 2009లో పదవీ విరమణ చేసేదాకా ముప్పయ్యెనిమిదేళ్లు జీపుల కిందా కార్ల బానెట్ల కిందా గడిపినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర అర్ధ రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దదైన ఒక వస్తువుది. మోటారు భాషలో దాన్ని వాటర్ పంపు సీలు అంటారు. దాని కథ చెప్పాలంటే నేను అన్నవరం దారిలోనే మొదలుపెట్టాలి. ఎందుకో ముందు ముందు మీకే తెలుస్తుంది.

రత్నగిరి మీద సత్యనారాయణస్వామి వెలసింది 1891లో. అప్పటికి మన దేశంలో మోటారు కారు లేదు. భక్తులు బండ్ల మీదా కాలినడకనా వచ్చి, పంపానదిలో స్నానం చేసి, నాలుగు వందల అరవై మెట్లు ఎక్కేవారు. తరువాత రైలు వచ్చింది, ఆ తరువాత బస్సులు, కార్లు వచ్చాయి. మద్రాసు–కలకత్తా రోడ్డు కొండ పాదం దగ్గరగానే పోతుంది గనుక, దారిన పోయే డ్రైవర్లు తొలిపావంచా దగ్గర ఆగి దండం పెట్టుకోవడం అలవాటయింది. కొత్త బండి కొన్నవారు పూజ చేయించడానికి తీసుకువస్తారు. కార్తీకమాసంలో అక్కడ ఎన్ని బండ్లు బానెట్లు ఎత్తుకుని, ఆవిర్లు కక్కుతూ నిలబడేవో నావంటివాడికి బాగా తెలుసు. రాజమండ్రి నుంచి సుమారు డెబ్భై కిలోమీటర్లు ఏకబిగిన వచ్చిన బండి, జనంలో ఒక్కసారిగా నడక వేగానికి దిగుతుంది. ఎదురుగాలి ఉండదు. ఇంజను నెమ్మదిగా తిరుగుతుంది కనుక ఫ్యానూ పంపూ కూడా నెమ్మదిస్తాయి. అప్పటిదాకా నెట్టుకొచ్చిన లోపం అక్కడ బయటపడుతుంది. అన్నవరం మాకు ఒక విధంగా పరీక్ష కేంద్రం.

ఇంజనులో మండిన పెట్రోలు వేడిలో దాదాపు మూడో వంతు నీటిలోకి చేరుతుంది. ఆ నీరు రేడియేటరులోకి పోయి చల్లబడి మళ్లీ ఇంజనులోకి రావాలి. తొలినాటి కార్లలో చాలావాటికి పంపే లేదు. వేడి నీరు పైకి, చల్లని నీరు కిందకి తనంతట తానే పోయేది. 1908లో వచ్చిన ఫోర్డు మోడల్ టి కారుకు తొలి రెండున్నర వేల బండ్లలో పంపు పెట్టి, తరువాత తీసేసి, ఈ పద్ధతికే వచ్చారు. ఇంజన్ల బలం పెరిగేకొద్దీ అది చాలక మళ్లీ పంపు తప్పనిసరైంది.

పంపు అన్నాక ఒక చిక్కుంది. ఇంపెల్లరు నీళ్లలో ఉండాలి, దాన్ని తిప్పే బెల్టు బయట ఉండాలి. రెంటికీ మధ్య తిరుగుతున్న షాఫ్టు చుట్టూ నీరు కారకుండా ఆపడం ఎలా? మొదటి జవాబు మన రైతులకు బాగా తెలిసినదే. పొలంలో ఆయిలింజను పంపుకు చూడండి, గ్రాఫైటు పట్టించిన ప్యాకింగు తాడు షాఫ్టుకు చుట్టి, పైన గ్లాండు బిగిస్తారు. పాతకాలపు కార్లకూ సరిగ్గా అదే ఏర్పాటు. ఈ గ్లాండు ధర్మం ఒకటుంది. అది కొద్దిగా కారాలి. ఆ చుక్కలే తాడునూ షాఫ్టునూ చల్లగా ఉంచుతాయి. పూర్తిగా బిగిస్తే తాడు మాడుతుంది, షాఫ్టు గీరుకుపోతుంది. మరీ ఎక్కువగా కారితే డ్రైవరే దిగి నట్టు పావు చుట్టు తిప్పేవాడు.

తరువాత వచ్చింది కార్బన్ సీలు. అద్దంలా నునుపు చేసిన కార్బన్ రింగు ఒకటి, దానికి ఎదురుగా అంతే నునుపైన లోహపు ముఖం ఒకటి. ఒకటి నిలిచి ఉంటుంది, మరొకటి తిరుగుతుంది. రెంటినీ చిన్న స్ప్రింగు ఒకదానికొకటి ఒత్తి ఉంచుతుంది, వెనుక రబ్బరు తొడుగు ఉంటుంది. ముందు మంచుయంత్రాల కంప్రెసర్లలో వాడిన ఈ ఉపాయం రెండో ప్రపంచయుద్ధం నాటికి మోటార్లలో స్థిరపడింది. మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నమూనాతో 1957లో మన దేశంలో మొదలైన అంబాసిడరు ఈ తరానిదే. దీనికి బిగించేదేమీ లేదు, రోజూ చూసుకునేదేమీ లేదు. అయితే పంపు బాడీ అడుగున, సీలుకూ బేరింగుకూ మధ్య, ఒక చిన్న రంధ్రం వదిలిపెట్టారు. సీలు అరిగి నీరు దాటితే అది బేరింగులోకి పోకుండా ఆ రంధ్రం గుండా నేల మీద పడాలి. అంటే చుక్కకు అర్థం మారిపోయింది. గ్లాండు రోజుల్లో చుక్క కారితే క్షేమం. సీలు వచ్చాక చుక్క కారితే, సీలు ఆయుష్షు తీరిందని కబురు.

ఈ మార్పు నాకు పుస్తకం ద్వారా తెలియలేదు. 1973లో మా మేనమామగారి కూతురి పెళ్లి అన్నవరం కొండ మీద కుదిరింది. పెళ్లికి మూడు వారాల ముందు మామయ్య తన పాత అంబాసిడరు నాకు చూపించి, "ఒరేయ్, పంపు దగ్గర నీళ్లు కారుతున్నాయిరా, సంగతి చూడు" అన్నారు. చూశాను. రంధ్రం నుంచి నిమిషానికి నాలుగైదు చుక్కలు. అప్పటికి సర్వీసులో రెండేళ్లు నిండినవాణ్ణి, ఇంట్లో పెద్ద మెకానిక్కుని. సీలు రాజమండ్రి నుంచి తెప్పించాలి, పంపు విప్పాలి, రోజు పడుతుంది. చిన్నప్పటినుంచి పొలంలో గ్లాండు చూసినవాణ్ణి, ఇదేదో వృథాగా కారుతోందనుకుని వేపపుల్ల చెక్కి ఆ రంధ్రంలో దిగగొట్టాను. కారడం ఆగింది. మామయ్య వీపు తట్టారు.

ఆ నీరు ఎక్కడికి పోతుంది? బేరింగులోకి పోయింది. గ్రీజు కడిగేసింది, గోళీలు తుప్పు పట్టాయి. పెళ్లినాడు తెల్లవారుజామున కత్తిపూడి దాటాక ముందు ఏడుపులాంటి శబ్దం, వెంటనే పెద్ద మోత. ఆ బండిలో ఫ్యాను పంపు షాఫ్టుకే ఉంటుంది. బేరింగు విరిగి షాఫ్టు ఊగేసరికి ఫ్యాను రెక్క వెళ్లి రేడియేటరును చీల్చింది. పెళ్లికూతురు ముందురోజే కొండ చేరింది గాని, కన్యాదానం చేయవలసిన దంపతులు రోడ్డు మీద ఉన్నారు. కోనసీమ కొబ్బరికాయల లారీ డ్రైవరు ఒకాయన దయతలచి ఇద్దరినీ క్యాబినులో కూర్చోబెట్టుకున్నాడు. అత్తయ్య పట్టుచీర కొంగు నడుముకు చుట్టుకుని, మెట్ల దారిన ఎక్కడా ఆగకుండా ఎక్కిందట. ముహూర్తానికి అందుకున్నారు. నేను అందుకోలేదు, బండి దగ్గర కాపలా ఉన్నాను.

మర్నాడు మా మేస్త్రీ పంపు విప్పి, పుల్ల బయటకు లాగి నా చేతిలో పెట్టాడు. తిట్టలేదు. నా చేతనే సీలు వేయించాడు. పుల్లరుతో ఇంపెల్లరు తీయడం, లోపలి లోహపు ముఖాన్ని అద్దం పలక మీద పరిచిన సన్న ఎమరీతో గీత లేకుండా నునుపు చేయడం, కార్బన్ ముఖాన్ని గ్రీజు చేత్తో ముట్టుకోకపోవడం, ఇంపెల్లరుకూ బాడీకీ మధ్య అర నుంచి ముప్పావు మిల్లీమీటరు సందు ఉండేలా ప్రెస్ చేయడం అన్నీ ఆనాడు నేర్చినవే. కంపెనీ పుస్తకంలో ఉన్న ఒక హెచ్చరిక కూడా చెప్పాడు. పంపు పక్కనున్న ప్లగ్గు విప్పి గ్రీజు పెట్టేటప్పుడు అతి తక్కువ పెట్టాలి. ప్రేమతో ఎక్కువ పెడితే అది కార్బన్ మీదికి చేరి సీలే చెడుతుంది.

సీళ్లు తొందరగా అరగడానికి మా ప్రాంతంలో నేను చూసిన కారణం నీరు. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుబావి నీళ్లు పోస్తే, లోపల పొర కట్టి, ఆ పెళ్ల కార్బన్‌ను ఎమరీలా గీస్తుంది. రేడియేటరు కారితే పసుపు పొడి పోసే పద్ధతి కూడా ఉండేది. దగ్గరి ఊరు చేరడానికి పనికొస్తుంది, కాదనను. ఆ పసుపును కడగకుండా నెలల తరబడి వదిలేసేవారితోనే నా పేచీ. ఇంకొకటి, రేడియేటరు మూత. ఏడు పౌండ్ల మూత ఉంటే నీరు దాదాపు 110 డిగ్రీల దాకా మరగదు. వేడి మీద మూత తిప్పితే ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. అలా కాల్చుకున్న హెల్పర్లను నేను చూశాను.

1983 డిసెంబరులో మారుతి వచ్చాక వ్యవహారం మారసాగింది. ఫ్యానుకు విడిగా మోటారు పెట్టారు. అల్యూమినియం హెడ్డుకు ఉత్త నీరు పనికిరాదు, తుప్పు ఆపే కూలెంటు కలపాలన్నారు. క్రమేణా సీలు కిట్టు అడిగితే దుకాణంలో నవ్వసాగారు, పంపు మొత్తం మార్చడమే. మావాళ్లు కొందరు దీన్ని పనితనం పోవడంగా బాధపడతారు. నాకు ఆ బాధ లేదు. నేటి కార్లలో కొన్నింటికి పంపును టైమింగు బెల్టే తిప్పుతుంది. అక్కడ సీలు కారితే బెల్టు తడుస్తుంది, బెల్టు తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు వంగుతాయి. అక్కడ ఇంట్లో చేసిన సీలు పని మీద ఆధారపడమని నేనెవరికీ చెప్పను. అయితే ఇంత మారినా పంపు అడుగున ఆ రంధ్రం మాత్రం ఇప్పటికీ ఉంది.

క్రిందటి కార్తీకంలో మా మరదలి మనవడి కారులో అన్నవరం వెళ్లాం. అప్పటి 5వ నెంబరు రోడ్డు ఇప్పుడు 16 అయింది, నాలుగు లైన్లు. బయలుదేరేముందు అలవాటు చొప్పున టార్చి వేసి పంపు అడుగున చూశాను. రంధ్రం చుట్టూ ఆకుపచ్చని పొక్కు కట్టి ఉంది, తాజా తడి లేదు. తిరిగి రాగానే పంపు మార్పించమని కుర్రవాడికి చెప్పి, సీసాలో కూలెంటు డిక్కీలో పెట్టించాను. వెనుక సీట్లో కూర్చున్న ఆనాటి పెళ్లికూతురు ఇదంతా చూస్తూనే ఉంది. కత్తిపూడి దాటాక మెల్లిగా అడిగింది. "బావా, పుల్ల పెట్టలేదు కదా?"