సీమంతం నుండి తున్నసేవని దాకా: శిరఃకటీకపాలాల విచారణ

సీమంతోన్నయనంలో భర్త మూడుచోట్ల తెలుపు గల ఏదుముల్లును, దర్భలను, మేడికాయల గుత్తిని కలిపి పట్టుకొని గర్భిణి పాపటను పైకి తీస్తాడు. సంస్కారానికి పేరు ఆ పాపట వల్లనే వచ్చినది. సీమ, అంత శబ్దాలు కలిసినప్పుడు పొలిమేర అనే అర్థంలో ‘సీమాంతం’ అనీ, కేశవిషయంలో మాత్రం ‘సీమంతం’ అనీ వైయాకరణులు వేరు చేశారు. శల్యతంత్రకర్త అయిన సుశ్రుతాచార్యుడు ఈ రెండవ పదాన్నే గ్రహించి, శిరస్సులోని ఐదు సంధులకు సీమంతాలని పేరిడి మర్మాలలో లెక్కించాడు. తల్లి పాపటకూ, ఆమె కడుపులోని బిడ్డ తలలోని అతుకుకూ ఒకే నామం.

ఉపనిషత్తులు ఈ అతుకును మరొక దృష్టితో చూశాయి. పరమాత్మ ఈ సీమను విదారించి దేహంలో ప్రవేశించాడనీ, ఆ ద్వారానికి విదృతి అని పేరనీ ఐతరేయం చెబుతున్నది. తైత్తిరీయ శీక్షావల్లి ఆరవ అనువాకంలో, కేశమూలాలు విడివడే చోట శీర్షకపాలాలను తొలగించుకొని పోయే మార్గం ఉన్నది. అక్కడ ‘కపాలే’ అని ద్వివచనం. బాల్యంలో కంఠస్థం చేసినప్పుడు ఆ ద్వివచనం ఎందుకో నాకు తోచలేదు. చాలా ఏండ్ల తరువాత మా ఇంటి పసిబిడ్డ మాడుకు ఆముదం పెడుతూండగా, వేలి క్రింద మెత్తగా అదిరిన ఆ చోటు తెలిపినది.

ఇక అస్థిసంఖ్య. వేదవాదులు 360 అంటారు, శల్యతంత్రంలో మాత్రం 300 అని సుశ్రుతుడు నిస్సంకోచంగా పలికాడు. వేదపాఠకుడనైన నాకు ఈ వాక్యం మీద ప్రత్యేకమైన గౌరవం. ఆయన శవాన్ని ముంజగడ్డి, దర్భ మొదలైనవాటితో చుట్టి, ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు ఉంచి, మెత్తబడిన పిదప కుంచెతో ఒక్కొక్క పొరనూ తొలగిస్తూ కంటితో చూడుమన్నాడు. కటిలో ఐదు, శిరస్సులో ఆరు అస్థులని ఆయన లెక్క. నితంబాస్థులను, శిరోస్థులను రెండింటినీ ‘కపాల’ జాతిలోనే చేర్చాడు. సంధులను ఎనిమిది విధాలుగా విభజించినప్పుడు, శిరఃకపాలాలకూ కటికపాలాలకూ ఒకే సంధిని నిర్దేశించాడు. అది తున్నసేవని, అంటే వస్త్రాన్ని కుట్టిన కుట్టువరుస వంటిది.

మానవ జననంలో పరస్పరం ఎదురయ్యే అస్థులు ఈ రెండే. నవజాతశిశువు కపాలాస్థులు అప్పటికి ఒకటిగా అతుక్కొని ఉండవు. ప్రసవవేళ ఒకదాని అంచు మరొకదానిపైకి కొద్దిగా జరిగి తల సన్నబడుతుంది. వెనుక మాడు రెండుమూడు నెలలకు, ముందు మాడు సుమారు 18 నెలలకు మూసుకొంటాయి. తల్లి కటివలయంలో ముందున్న ఒక కీలు, వెనుక త్రికాస్థికి ఇరువైపులా ఉన్న రెండు కీళ్ళు గర్భకాలంలో కొంత సడలుతాయి. అథర్వవేదం ప్రథమకాండ 11వ సూక్తం పూషార్యములను ప్రార్థిస్తూ, స్త్రీ ప్రసవించుటకై ఆమె సంధులు విడివడుగాక అని కోరినది.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పవలె. సుశ్రుతుడు రెండు కపాలాలను ఒకే సూత్రంలో చెప్పాడే గాని, ఒకటి మరొకదానిలో ఎట్లు ఒదుగుతుందో చెప్పలేదు. ప్రసవకాలంలో శిశువు స్వభావసిద్ధంగా తలతో మార్గాన్ని చేరుతుందన్నాడు, అంతే. మనవారిలో కొందరు సమస్తమూ ఆయనకు తెలుసునని వ్రాస్తారు. ఆయన గ్రంథాన్ని చదివినవారు అట్లు వ్రాయరు. మూఢగర్భాన్ని తొలగించడం కన్న కష్టమైన పని లేదని ఆయనే అన్నాడు. యకృత్తు, ప్లీహం, ప్రేగులు, గర్భాశయం ఉన్న తావులో కన్ను లేకుండా కేవలం స్పర్శతో పనిచేయవలె గనుక అధిపతి అనుమతి పొంది, పరమయత్నంతో ఉపక్రమించుమన్నాడు. గర్భం మేకువలె నిలిస్తే కీలం, కాళ్ళుచేతులు, తల వెలువడి మొండెం చిక్కితే ప్రతిఖురం, ఒక చేయి, తల వస్తే బీజకం, తలుపు అడ్డగడియవలె అడ్డం పడితే పరిఘం అని కొందరు నాలుగు చెబుతారనీ, అది చాలదనీ, వాయువు వైగుణ్యం వల్ల భేదాలు అసంఖ్యాకమనీ చెప్పి, ఆపైన ఎనిమిది గతులు వివరించాడు. మొన తీక్ష్ణమైన వృద్ధిపత్రం తల్లిని గాయపరచవచ్చు గనుక మండలాగ్రాన్నే వాడుమన్నాడు. సజీవగర్భాన్ని శస్త్రంతో ఛేదించరాదని నిషేధించాడు.

కొలత చాలా శతాబ్దాల తరువాత వేరొక దేశంలో జరిగినది. లండనులో బోధించిన స్కాట్లండు వైద్యుడు విలియం స్మెల్లీ నిజమైన ఎముకలకు తోలు తొడిగి బొమ్మలు చేసి శిష్యులకు ప్రసవక్రమం చూపేవాడు. 1752లో వెలువడిన గ్రంథంలో, తల తన దీర్ఘవ్యాసాన్ని అడ్డంగా ఉంచి కటివలయంలో దిగి, లోపల తిరుగుతుందని నిరూపించాడు. కారణం అంకెలలోనే ఉన్నది. కటివలయపు పైద్వారం అడ్డంగా సుమారు 13 సెంటీమీటర్లు, ముందువెనుకలుగా 11. క్రిందిద్వారం దానికి విపర్యయం. గడ్డం రొమ్మునకు ఆన్చి వంచిన తల వ్యాసం సుమారు 9.5, వంగకపోతే 11.5, నుదురు ముందుగా వస్తే 13.5. శిశువు తల వంచడంలోనే నాలుగు సెంటీమీటర్ల భేదం!

కొంతకాలం క్రితం ఒక రాత్రి తెలిసిన కుటుంబం నుండి ఫోను వచ్చినది. తల దిగడం లేదు, వెంటనే ఆపరేషన్ చేయాలని డాక్టరుగారు అన్నారట. రెండు గంటలు ఆగితే నక్షత్రం మారుతుంది గదా, ముహూర్తం చూడండి పంతులుగారూ అని తాతగారి కోరిక. మృతగర్భాన్ని పండితుడు ముహూర్తకాలమైనా ఉపేక్షించరాదు, అది శీఘ్రంగా తల్లిని హరిస్తుందని సుశ్రుతుడు అన్నాడు. ముహూర్తమంటే 48 నిమిషాలు. బ్రతికి ఉన్న బిడ్డకు అంత గడువైనా ఎవరిచ్చారండీ, ఇప్పుడే సంతకం చేయండి అన్నాను. పదకొండవ రోజున వారు వచ్చి, ఆ రాత్రి ఉన్న నక్షత్రానికే జాతకం వ్రాయించుకొని వెళ్ళారు.